ఆస్పత్రి చుట్టూ తిరిగే రోజుల్లో రాత్రి పూటకు శ్రమ లేని వంటలు చెప్పగలరా?

వేదాయపాళెం కోడలు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా అత్తగారు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగడంతో పొగతోటలోని ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించాము. ఇప్పుడు ఇంటికి తీసుకొచ్చాము గానీ, పరీక్షలకూ ఫిజియోథెరపీకీ తిరగడం ఇంకా తప్పలేదు. నేను ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తాను. మావారిది కృష్ణపట్నం వైపు షిఫ్టు ఉద్యోగం కావడంతో వారంలో సగం రాత్రులు ఇంట్లో ఉండరు. పాప పదో తరగతి, బాబు నాలుగో తరగతి చదువుతున్నారు. మామగారికి షుగరు, అత్తగారికి బీపీ ఉన్నాయి.

పొద్దుటి వంట ఏదో ఒక విధంగా గడిచిపోతున్నది. రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరి, అత్తగారిని మంచం మీద నుంచి లేపి నాలుగడుగులు నడిపించి, మందులు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళేసరికి నాకు ఓపిక అడుగంటిపోతున్నది. పొయ్యి దగ్గర నిలబడడం కన్నా, ఏం వండాలో తేల్చుకోవడమే ఎక్కువ అలసటగా ఉంటున్నది. కొన్నాళ్ళు కర్రీ పాయింటు నుంచి కూరలు తెచ్చుకున్నాము గానీ, ఆ నూనె, ఉప్పు పెద్దవాళ్ళకు పడలేదు. పిల్లలకు కూడా మొహం మొత్తింది.

అరగంటలోపు అయిపోయేవి, తరుగుడు తక్కువగా ఉండేవి, తోమవలసిన గిన్నెలు పెరగనివి ఏమైనా చెప్పండి. ఐదు లీటర్ల కుక్కరు, రెండు పొయ్యిలు, మిక్సీ, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. మేము గుడ్లు, చేపలు తింటాము, అయితే పనిరోజుల్లో చేపలు కడిగి వండే తీరిక లేదు. పులగం, దోసెలు, ఉప్మా నాకు తట్టినవే. వాటికి తోడుగా ఏం పెడితే కడుపు నిండిన భోజనం అనిపిస్తుందో, ఆదివారం నాడు ఏం చేసి పెట్టుకుంటే వారమంతా ఆదుకుంటుందో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కావలి పెద్దమ్మ:

అమ్మా, పులగాన్ని పక్కన పెట్టకు. సరిగా వండుకుంటే నీ ఇంట్లో అందరూ తినగలిగిన వంట అదే. ఒక గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు అని అందరూ చెప్పే కొలత. షుగరు ఉన్నవారు తినే ఇంట్లో రాత్రి పూటకు రెండూ సమానంగా వేసుకోవడం మేలు. కుక్కరులోనే చెంచాడు నెయ్యి వేసి, జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, అల్లం తురుము, కరివేపాకు వేయించి, కడిగిన బియ్యమూ పప్పూ అందులో పోసి, చేతికి దొరికిన సొరకాయనో, క్యారట్‌నో నాలుగు పెద్ద ముక్కలుగా కోసి వేసి, గ్లాసుకు మూడు గ్లాసుల చొప్పున నీళ్ళు పోసి మూత పెట్టు. నాలుగు విజిళ్ళు రాగానే పొయ్యి ఆపేసి, ఆవిరి దానంతట అది దిగేదాకా కుక్కరును ముట్టుకోకు. ఆ పావుగంటలో నువ్వు స్నానం చేసి రావచ్చు. సొరకాయ ముక్క పులగంలో కలిసిపోతుంది కాబట్టి నీ కొడుకు దాన్ని ఏరి పక్కన పెట్టే పని ఉండదు.

దానికి తోడుగా పప్పుల పొడి ఉంటే చాలు. ఒక గ్లాసు పుట్నాల పప్పుకు ఏడెనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఐదారు తెల్లగడ్డ రెబ్బలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క సరిపోతాయి. మిరపకాయలు ఒక్కటే కాస్త వేడి చేసి, తెల్లగడ్డ తప్ప మిగతావన్నీ మిక్సీలో పొడి కొట్టి, చివర తెల్లగడ్డ వేసి ఒక్క తిప్పు తిప్పాలి. ఉప్పు వేయకముందే కొంత పొడిని మీ అత్తగారి కోసం వేరే సీసాలోకి తీసి పెట్టు. వేడి పులగంలో నెయ్యి వేసుకుని, ఈ పొడి అద్దుకుని తింటే వేరే కూర అడిగేవారు ఉండరు.

ఆదివారం చేసి పెట్టుకోవలసినవి మరీ ఎక్కువ పెట్టుకోకు. సెలవు రోజు కూడా వంటింట్లోనే గడిచిపోతే నీకు దక్కేదేమిటి? పెద్ద నిమ్మకాయంత చింతపండును నీళ్ళలో ఉడికించి, పిసికి, గుజ్జును వడకట్టి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం రోజులు నిలుస్తుంది. దానితో పాటు అర కిలో ఎర్రగడ్డలు, అర కిలో టమోటాలు కలిపి కాస్త నూనెలో నీరు ఇగిరేదాకా మగ్గించి, చల్లారిన తరువాత మిక్సీ పట్టి పెట్టుకో. నాలుగు రోజులు ఢోకా ఉండదు. ఈ రెండూ ఉంటే చారు గానీ పులుసు గానీ కత్తిపీట ముందేసుకోకుండానే అయిపోతాయి.

ఒంగోలు వాస్తవ్యుడు:

పొగాకు వేలం మొదలైన నెలల్లో నేను ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. నా భార్యది కూడా ఉద్యోగమే. అందువల్ల మీరు రాసిన ఆ తేల్చుకోలేని అవస్థ ఏమిటో నాకు బాగా తెలుసు. దానికి మేము కనుక్కున్న విరుగుడు ఒక్కటే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ రాత్రికి ఏ వంటో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించేశాము. మంగళవారం అంటే గుడ్ల పులుసు, అంతే. పిల్లలు మొదట గొణిగినా, ఎవరినీ అడగవలసిన పని లేకపోవడంతో అందరికీ ప్రాణం తెరిపిన పడింది. కష్టకాలంలో భోజనానికి వైవిధ్యం అవసరం లేదని నా అభిప్రాయం. వైవిధ్యం పండగ రోజుల్లో చూసుకోవచ్చు.

పెద్దమ్మగారు చెప్పిన ఎర్రగడ్డ, టమోటా ముద్దతోనే గుడ్ల పులుసు చేయవచ్చు. వెడల్పాటి గిన్నెలో తాలింపు వేసి, ఆ ముద్ద మూడు నాలుగు గరిటెలు, చింతపండు గుజ్జు రెండు చెంచాలు, పసుపు, కారం, రెండు గ్లాసుల నీళ్ళు పోసి తెర్లనివ్వండి. గుడ్లను ముందుగా ఉడకబెట్టి పెంకు తీసే పని పెట్టుకోకుండా, మంట తగ్గించి, ఒక్కొక్క గుడ్డును పగలగొట్టి పులుసులో దూరం దూరంగా జారవిడిచి మూత పెట్టండి. గరిటె పెట్టి కలిపారంటే చెదిరిపోతుంది కాబట్టి సొన గట్టిపడేదాకా, అంటే ఏడెనిమిది నిమిషాల సేపు, దాని జోలికి వెళ్ళకండి. పక్క పొయ్యి మీద అన్నం అయ్యేలోపు ఇది కూడా అయిపోతుంది.

రెండోది పుల్లగూర. దీనికి వేరే పొయ్యి కూడా అక్కరలేదు. కుక్కరు అడుగు గిన్నెలో తోటకూర, నాలుగైదు పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ, రెండు టమోటాలు, కాస్త చింతపండు వేసి, పై గిన్నెలో బియ్యం పెట్టి, రెండూ ఒకేసారి ఉడికించండి. మూత తీశాక ఆకులోని నీటిని పక్కకు వంచుకుని, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, వంచిన నీటిని కావలసినంత మళ్ళీ కలిపి, తెల్లగడ్డ తాలింపు పెడితే సరి. ఆకుకూర వలవడం ఒక్కటే ఇందులో శ్రమ. ఆ పని పడుకునే ముందు కూర్చుని ఎవరైనా చేయవచ్చు, మామగారు కూడా చేయవచ్చు. పెద్దవారికి చెప్పడానికి మీరు మొహమాటపడుతూ ఉండవచ్చు. ఇల్లంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతున్నప్పుడు తనకూ ఒక పని ఉండడం ఆయనకు ఊరటగానే ఉంటుందని నాకు అనిపిస్తున్నది.

ఉప్మా గురించి మాత్రం నేను ఏమీ చెప్పను. ఆ పేరెత్తితే మా ఇంట్లో సత్యాగ్రహం మొదలవుతుంది.

ఉదయగిరి రైతు:

ఇంత ఆలోచన ఎందుకండీ, రాగి జావ ఉన్నది కదా. నాలుగు చెంచాల రాగిపిండిని చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి ఐదారు నిమిషాలు తిప్పితే చాలు. చల్లారాక మజ్జిగ, తరిగిన ఎర్రగడ్డ కలుపుకుంటే పెద్దవాళ్ళకు పూట గడిచిపోతుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందంటారు కాబట్టి ఎముక విరిగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? షుగరుకు కూడా మంచిదే.

కందుకూరు నర్సమ్మ:

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదాన్ని. ఇక్కడ చెప్పిన వంటలు బాగున్నాయి, వాటికి కొన్ని జాగ్రత్తలు కలపవలసి ఉన్నది.

రాగుల్లో కాల్షియం మెండుగా ఉన్న మాట నిజమే. అయితే పిండిని పలుచగా జావ కాచి తాగితే అది త్వరగా అరిగి, రక్తంలో చక్కెర కూడా త్వరగానే పెరుగుతుంది. మామగారికి జావ ఒక్కటే రాత్రి భోజనంగా పెట్టవద్దు. పెట్టినా చిన్న గ్లాసుడు పోసి, తోడుగా గుడ్డో, గుగ్గిళ్ళో ఇవ్వండి. బాగా మెత్తబడిన పులగానికీ ఇదే మాట వర్తిస్తుంది. పప్పు సమానంగా వేయమని పెద్దమ్మగారు చెప్పిన కొలత అందుకే నాకు నచ్చింది. ఆయన మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఉంటే, వంట ఎంత తేలికైనదన్న దాని కన్నా, వేళకు పళ్ళెం ముందుకు రావడం ముఖ్యం. మీరు ఆలస్యంగా వచ్చే రోజున ఆయన ఎదురుచూస్తూ ఖాళీ కడుపుతో కూర్చోకుండా, ఉడికించిన గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళండి. పెంకు తీయకుండా ఉంచితే వారం దాకా బాగుంటాయి.

అత్తగారి విషయంలో రెండు మాటలు. ఎముక అతకడానికీ, మంచంలో ఉండి కరిగిపోయిన కండ తిరిగి రావడానికీ కాల్షియంతో పాటు మాంసకృత్తులు కావాలి. అందుచేత రాత్రి పూట ఉత్త చారన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పెరుగు వీటిలో ఏదో ఒకటి తప్పక ఉండాలి. రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములకు, అంటే సుమారు ఒక టీ చెంచాకు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పొడులు, ఊరగాయలు, అప్పడాలు వరసగా పళ్ళెంలోకి వస్తే ఆ కొలత ఒక్క పూటలోనే దాటిపోతుంది. ఇక ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా కొందరికి మందులు ఇస్తారు. ఆ మందు వార్ఫరిన్ అయితే, ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె దాని పనికి అడ్డు వస్తుంది. అందుకని ఆకుకూరను పూర్తిగా మానడమూ, ఒక్కసారిగా పెంచడమూ రెండూ మంచివి కావు. పుల్లగూర వారానికి ఎన్నిసార్లు పెట్టవచ్చో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

మిగిలిన అన్నం సంగతి కూడా చెప్పాలి. తీరిక లేని ఇళ్ళలో పొద్దున వండిన అన్నాన్ని రాత్రికి పులిహోర కలపడం మామూలే. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో ఉంటాయి, అవి అన్నం ఉడికినా చావవు. మన నెల్లూరు, ప్రకాశం ఎండల్లో అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. అటువంటి అన్నాన్ని తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి రాత్రికి ఉంచదలచుకున్న అన్నాన్ని పళ్ళెంలో పలుచగా పరచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటి లోపు ఒక్కసారి మాత్రమే పొగలు వచ్చేలా వేడి చేసి తినేయండి. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని పదార్థాలు నాలుగు గంటల సేపు చల్లగా నిలుస్తాయి. అంతకు మించితే అన్నం, పప్పు, కూరలు పారవేయడమే మంచిది.

వేదాయపాళెం కోడలు:

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. కాగితం ఈ రోజే అంటించాను. ఆకుకూర వలిచే పని మామగారిని అడిగితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. వార్ఫరిన్ సంగతి మందుల చీటీ చూపించి రేపు ఆస్పత్రిలో అడుగుతాను.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మావారు రాత్రి షిఫ్టుకు తీసుకువెళ్ళే క్యారియర్‌లో ఏం పెడితే అర్ధరాత్రి దాకా పాడుకాకుండా ఉంటుంది? దోసెపిండి ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజుకు పులిసిపోయి పిల్లలు తినడం లేదు. దాన్ని ఎలా వాడుకోవాలి?

పొదలకూరు నిమ్మతోట:

క్యారియర్‌కు పెరుగన్నం పెట్టండి. వేడి అన్నాన్ని మెత్తగా మెదిపి, కాచిన పాలు ఎక్కువగా పోసి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు మాత్రమే కలిపితే, సాయంత్రం కమ్మటి పాలన్నంలా ఉన్నది తినే వేళకు తోడుకుని పుల్లబడకుండా ఉంటుంది. పూర్తిగా పెరుగే పోసి కలిపితే ఎండాకాలంలో రాత్రి పది గంటలకే పులుపెక్కుతుంది. అల్లం, పచ్చిమిర్చి తాలింపు పెట్టి, దానిమ్మ గింజలు ఉంటే నాలుగు చల్లండి.

నిమ్మకాయ పులిహోర కూడా క్యారియర్‌కు బాగుంటుంది. మాది నిమ్మకాయల ఊరు కాబట్టి ఒక చిట్కా చెబుతాను. తాలింపు గిన్నె పొయ్యి మీద ఉండగా నిమ్మరసం పోయకూడదు, పోస్తే చేదెక్కుతుంది. పసుపు, చెనక్కాయలు, శనగపప్పు, మిరపకాయల తాలింపును అన్నంలో కలిపి, అన్నం వేడి తగ్గిన తరువాతే రసం పిండాలి. చౌకగా దొరికినప్పుడు కాయలు ఎక్కువ కొని రసం తీసి, ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి పెట్టుకున్నారంటే రోజుకు రెండు ముక్కలు తీసి వాడుకోవచ్చు. వేసవిలో మా మార్కెట్టులోనే నిమ్మకాయ ధర వింటే గుండె గుభేలుమంటుంది.

కావలి పెద్దమ్మ:

పులిసిన పిండికి పులిబొంగరాలను మించిన దారి లేదు తల్లీ. పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ, తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు, క్యారట్ తురుము కలిపి గుంతల పెనంలో పోస్తే పులుపు రుచిగా మారుతుందే తప్ప తప్పుగా తోచదు. పెనం మీద మూత పెట్టి చిన్న మంట మీద ఉంచితే పక్కన నిలబడనక్కరలేదు, ఒక్కసారి తిరగేస్తే చాలు. పెద్దమ్మాయి పదో తరగతి అన్నావు కదా, ఈ పని దానికి అప్పజెప్పవచ్చు. పిండి మరీ పులిసిందనిపిస్తే కారం దోసె వెయ్యి. ఎర్రకారం పూసిన దోసెలో పిండి పులుపును మన నెల్లూరులో ఎవరూ తప్పు పట్టరు. మీ అత్తగారికి మాత్రం కారం పూయకుండా దానిపైనే ఒక గుడ్డు కొట్టి పోసి, రెండు వైపులా కాల్చి పెట్టు.

చేపల మాట కూడా చెబుతాను. ఆదివారం కొట్టు దగ్గరే బొచ్చెనో, శీలావతినో ముక్కలు కొట్టించి తెచ్చుకుని, మధ్యాహ్నానికి పులుసు పెట్టినప్పుడే సోమవారం రాత్రికి కూడా కలిపి పెట్టు. మన చేపల పులుసుకు మరునాటికే రుచి వస్తుందని నీకు చెప్పనక్కరలేదు. మామిడికాయలు వచ్చే కాలమైతే దించబోయే ముందు నాలుగు ముక్కలు వెయ్యి. పూర్వం దాకలోనే ఉట్టి మీద ఉంచేవాళ్ళం, నర్సమ్మగారు వింటే కోప్పడతారు కాబట్టి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రికి కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకుని దాన్నే వేడి చెయ్యి. మొత్తం దాకను పదే పదే పొయ్యి ఎక్కిస్తే ముక్క చెదిరిపోతుంది. మీ అత్తగారికి పొట్ట వైపు ముక్క పెట్టు, ముళ్ళు పెద్దవిగా ఉంటాయి కాబట్టి ఏరడం సులువు. పులుసులో ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక ఆమెకు ముక్కలు ధారాళంగా, పులుసు ఒక్క గరిటెడు మాత్రం వడ్డించు.